చిట్టికో చాట

మేడిపల్లి మండలంలోని ఒక చిన్న ఊరి అంగన్‌వాడీలో టీచరుగా చేరి నాకు మూడేళ్లు నిండిన ఏడాది, శివరాత్రి దగ్గరపడుతుండగా, తూకం పుస్తకంలో చిట్టి అనే పాప పేరు ఎదురుగా పోయినవన్నీ కూడి చూసుకున్నాను. రెండు నెలల్లో నాలుగు వందల గ్రాముల బరువు. ముట్టక పురుగు పట్టిన బాలామృతం పిండి ఒక పాకెట్టు. విసిరేస్తే మోరీలో కొట్టుకుపోయిన చెంచాలు రెండు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టిన రోజున, నోటిదాకా వెళ్లిన నలభై రెండు చెంచాల్లో నేలపాలైనవి ముప్పై ఏడు.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఎదుగుదల పటం చదవడం సొంతంగా నేర్చుకున్నాను. అందులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు పట్టీలుంటాయి. బిడ్డ బరువు నిలిచిపోయినా గీతలు నిలిచిపోవు, నెలనెలా పైకి పోతాయి. తొమ్మిదో నెలలో చిట్టి అయిదు కిలోల తొమ్మిది వందల గ్రాములుంది. ఎరుపుకు వంద గ్రాములు పైన. వచ్చే నెలా అంతే తూగితే ఎరుపు గీతను తాకుతుంది. అప్పుడు నేను సూపర్‌వైజరుకు రాసి, తల్లీపిల్లలను జగిత్యాల ఆసుపత్రికి పంపాలి. అక్కడ పద్నాలుగు రోజులుండాలి.

తల్లి లత బీడీలు చేసేది. భర్త మస్కట్‌లో ఉన్నా, కంపెనీ మూతపడి అయిదు నెలలుగా జీతం రావడం లేదు. ఇల్లు లత వేళ్ల మీదే నడుస్తోంది. రెండు వారాలు ఆకు తీసుకోకపోతే బీడీ కార్ఖానాలో ఆమె పేరు కొట్టేస్తారు.

"పద్నాలుగు దినాలు నేను దవాఖానల కూసుంటే ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టాలె, టీచరమ్మా?" అంది.

అత్త మల్లవ్వ మాత్రం నా పటాన్నే అనుమానంగా చూసింది. "దిష్టి తీసిన, తాయెత్తు కట్టిన. గవ్వే పని చెయ్యలే. నువ్వు గీతలు గీసి ఏం జేస్తవ్ బిడ్డా?"

నేనూ తప్పు చేశాను. స్టీలు చెంచా మార్చి ప్లాస్టిక్‌ది పెట్టమన్నాను, జావ పలచన చేయమన్నాను. రెండూ పనిచేయలేదు. అందుకే ఒక పొద్దంతా వాళ్ల అరుగు మీద కూర్చుని గీతలు పెట్టి లెక్కించాను. లత ఒడిలో చాట, చాటలో బీడీకి చుట్టే తునికాకు, లోపల పోసే తంబాకు. చిట్టి చేయి గంటలో పంతొమ్మిది సార్లు ఆ చాట మీదికి పోయింది. పోయిన ప్రతిసారీ లత తోసేసింది. పాప ఏడిస్తే మల్లవ్వ రెండు చేతులూ పట్టుకుని చెంచా నోట్లో పెట్టింది. సాయంత్రం లెక్క చూస్తే, మింగిన అయిదు చెంచాలూ చిట్టి చేతులు ఎవరూ పట్టుకోనప్పటివే.

ఆ పాప పుట్టినప్పటి నుంచి చూస్తున్నది వేళ్లు చేసే పనినే. దానికీ చాటే కావాలి. ఒక చాట ఇద్దామన్నాను.

మల్లవ్వ నవ్వింది. "తొమ్మిది నెలలకే కార్ఖానాల పేరెక్కిస్తవా ఏంది?"

కోరుట్ల అంగడిలో ఒక చిన్న కొత్త చాట, శివరాత్రి ఉపాసానికి వచ్చిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, కొన్నాను. నియమాలు మూడు చెప్పాను. పాప చాట తంబాకు ఉన్న వైపు పెట్టొద్దు, చేతులు సబ్బుతో రెండుసార్లు కడగాలి. పాపను నిటారుగా కూర్చోబెట్టి, ఒకరు ఏ పనీ పెట్టుకోకుండా ఎదురుగా ఉండాలి. ముక్క రెండు వేళ్ల మధ్య ఒత్తితే నలిగిపోయేంత మెత్తగా, పిడికిట్లో పట్టుకున్నా కొస బయటికి వచ్చేంత పొడుగ్గా ఉండాలి.

లత ఉడికిన గడ్డలను కోసింది. అన్నీ ఒకే పొడుగు. అలవాటు కొద్దీ ఇరవై అయిదు దగ్గర ఆగింది. బీడీ కట్టకు లెక్క అంతే. కొత్త చాటలో వేసి చిట్టి ముందు పెట్టింది.

చిట్టి మొదటి ముక్కను పిసికింది. రెండోది జుట్టుకు పూసుకుంది. మూడోది నోట్లో పెట్టుకుని ఓకరించింది. లత లేవబోతే చేయి పట్టి ఆపాను. ముక్క నాలుకతో తనే బయటికి తోసి, మళ్లీ అదే ముక్క తీసుకుని చప్పరించింది. తర్వాత వరసగా నాలుగు ముక్కలు వెనక్కి విసిరింది.

కార్ఖానాలో బీడీలు చూసి బాగా లేనివి ఏరి పారేసే గుమాస్తా ఒకడుండేవాడు. మల్లవ్వకు అతనే గుర్తొచ్చాడు. "అగో, గుమాస్తా తీరు చూడు. సగం ఏరి పారేస్తున్నది."

"మా గుమాస్తా గింత మంచిగ నవ్వడు అత్తా," అంది లత. ఆ ఇంట్లో ఆమె నవ్వగా నేను వినడం అదే మొదలు.

ఆ రోజు లెక్క రాసుకున్నాను. ఇరవై అయిదులో నేల మీద పద్నాలుగు, జుట్టులో, గౌనులో నాలుగు. కనపడనివి ఏడు. కనపడనివి కడుపులో ఉన్నట్టే. మర్నాటికి అవి తొమ్మిదయ్యాయి. వారం తిరిగేసరికి ఉడికిన గుడ్డు ముక్కలు, పప్పన్నం ముద్దలు, గట్టిగా కలిపిన బాలామృతం ఉండలు కూడా చాటలోకి వచ్చాయి. చెంచా ఉట్టెక్కింది.

పదో నెల తూకం రోజున త్రాసు కొక్కేనికి వేలాడదీస్తే చిట్టి కాళ్లు తన్నుతూనే ఉంది. ముల్లు ఆగేదాకా రాయకూడదు. ఆగింది. ఆరు కిలోల రెండు వందలు. పసుపులోనే ఉంది, కానీ ఎరుపుకు దూరంగా జరిగింది. జగిత్యాల ప్రయాణం తప్పింది. "తన్నుడు జూసినవా? గదే బలం. నీ గీతకేం ఎరుక," అంది మల్లవ్వ.

ఆ వారంలోనే భర్త మస్కట్ నుంచి తిరిగొచ్చాడు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని దొరికి అందరినీ తీసుకుపోయాడు. లత చిన్న చాటను బట్టల మూట మీద పెట్టి కట్టింది.

చెంచాను వద్దన్న బిడ్డ తిండిని వద్దన్నట్టు కాదని ఆ నెల నేర్చుకున్నాను. లెక్కపెట్టాల్సింది పెట్టేవాళ్ల చేతిని కాదు, తినేవాళ్ల చేతిని.

నేనిప్పుడు పని మానేశాను, పాత త్రాసూ తూకం పుస్తకమూ నా దగ్గరే ఉన్నాయి. చిట్టి తొమ్మిదో తరగతి. మొన్న ఫోన్ చేసింది. "టీచర్, నలభై రెండు కిలోలున్న. ఇప్పుడన్న నా పేరు మీది గా వంద గ్రాములు కొట్టెయ్యుండ్రి," అంది. నేను తూచనిది రాయనన్నాను. వచ్చి తూచుకుంటానంది. నా త్రాసు ఇరవై అయిదు కిలోలకు మించి మోయదు. పోయినవి నాలుగు వందలు, వచ్చినవి మూడు వందలు. నా పుస్తకంలో ఆమె పేరు మీద ఇవాళ్టికీ వంద గ్రాములు బాకీ.