మసీదు వెనక ముగ్గురు వలీలు

ఒకటో తారీఖుకల్లా పెన్షన్ వస్తోంది, ఇల్లు సొంతం, ఇక ఏసుపాదానికేం లోటు అనుకునేది తెనాలి. కడుపు నిండుతోందిగానీ రోజు నిండటం లేదని ఎవరికి చెప్పుకుంటాడు పాపం! ముప్పై ఆరేళ్లు ఉత్తరాలు పంచిన మనిషి, రిటైరయ్యాక కూడా పొద్దున్నే పోస్టాఫీసు ఎదుట టీకొట్టు బల్లమీద చేరేవాడు. "జీతం లేని డ్యూటీ నీకెందుకయ్యా?" అని భార్య చంద్రకళ దెప్పేది. అయినా మర్నాడు మళ్లీ అక్కడే ఉండేవాడు.

అతని వీధులకి కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ పున్నారావు ఒకరోజు కవరొకటి చూపించాడు. షేక్ నాజియా, తండ్రి వలి, మసీదు వెనక. ఇంటి నంబరు లేదు. అక్కడ వలీలు ముగ్గురు.

"ఏ వలి బాబాయ్?"

"కళాయి వలి కూతురయ్యా. వాళ్లు రేపల్లె వెళ్లిపోయారు, అక్కడికి పంపించు."

కళ్లు మూసుకుని చెప్పేశాడు. తనని అడిగేవాడు ఇంకా ఒకడున్నాడన్న సంబరం ఆ రోజంతా పోలేదు.

నాలుగో రోజు సైకిల్ షాపు వలి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, బాపట్ల వ్యవసాయ కాలేజీలో సీటుకి పిలుపు రావాలి. మా పిల్ల స్నేహితురాలికి వచ్చేసింది. రేపు తొమ్మిదింటికంట. ఉత్తరం లేకపోతే లోపలికి రానివ్వరంట."

"ఎవరికిరా, మున్నీకా?"

"అవునన్నా. బళ్లో పేరు నాజియా."

ఏసుపాదం రేపల్లె పంపించేసిన కవరుమీద ఉన్నది ఆ పేరే. పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల వీధి మొత్తానికీ మున్నీయే. అందరి ముద్దుపేర్లూ తెలుసని విర్రవీగినవాడికి అసలు పేరే తెలియలేదు. నోరు మూసుకుంటే నింద పున్నారావు మీదికి పోయేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పాడు ఆలోచన ఒక్క క్షణం వచ్చింది కూడా. సిగ్గుతో చచ్చిపోయాడు.

"తప్పు నాదేరా వలీ. రేపల్లె పంపించమన్నది నేనే."

వలి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఏసుపాదం ఒక్కడే మధ్యాహ్నం పాసింజరుకి రేపల్లెలో దిగి, వాకబు చేసుకుంటూ వెళ్లేసరికి కళాయి వలి ఇంటికి తాళం. గిన్నెలకి కళాయి వేయడానికి పల్లెలు తిరుగుతున్నారన్నారు. ఆ తాళాన్నే చూస్తూ రెండు గంటలు అరుగుమీద కూర్చున్నాడు. చివరికి కళాయి వలి భార్య సుల్తానా వచ్చింది.

"మా నాజియాదే అనుకున్నానండి. రేపు అత్తారింటికి పంపుదామని దాచా," అంటూ పెట్టెలోంచి కవరు తీసిచ్చింది. దాన్ని విప్పనైనా లేదు.

మర్నాడు వలి, మున్నీ, తను ముగ్గురూ బాపట్ల బయల్దేరితే రైలు ఆలస్యం. మున్నీ ఆ కాగితం పట్టుకుని కాలేజీ లోపలికి పరుగెత్తేసరికి తొమ్మిదికి రెండే నిమిషాలు. బయట వలి గేటువైపే చూస్తున్నాడు. ఏసుపాదానికి పలకరించాలంటే భయం. ఈ పిల్లకి సీటు పోతే ఆ పెన్షన్ కూడు గొంతు దిగుతుందా?

ఒంటిగంటకి మున్నీ వచ్చింది. "సీటొచ్చింది నాన్నా."

వలి ఏసుపాదం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏసుపాదం ఏడ్చేశాడు.

"పెదనాన్నా, హాస్టల్లో ఉండాలంట. నాకు ఉత్తరాలు రాస్తారా?" అంది మున్నీ. "పైన మాత్రం నాజియా అని రాయండి. మున్నీ అంటే ఇక్కడెవరికీ తెలీదు."

ఊరందరి ఉత్తరాలూ మోసినవాడు, ఎవరికీ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. మర్నాడు పొద్దున్నే కార్డు కొని 'చిరంజీవి నాజియాకి' అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే అన్నం వేళ దాటిపోయింది.