చీకటి పిన్ని, రెండు మందులు

పిన్నికి చీకట్లో ఎంత బాగా కనిపిస్తుందంటే, దారి తప్పిన గబ్బిలాలు కూడా ఆమెనే అడిగి ఇంటికి పోయేవి. పదకొండేళ్ళుగా కిటికీలకు నల్లగుడ్డ కట్టిన ప్రయోగశాల గదిలో ఆమెది ఒకటే పని: కణితి కణాలకు మందు పట్టించడం, పైన వెలుతురు వేసి చంపడం. మందు తనంతట తాను ఎవరి జోలికీ పోకూడదు. వెలుతురు తగిలాకే విజృంభించాలి.

ఆ నెల పోటీ రెండు మందుల మధ్య. గోధుమరంగు పాతమందు వట్టి బద్ధకిష్టిది. ఆకుపచ్చ కొత్తమందుకు ఎర్రటి వెలుతురు చూపిస్తే చాలు, కణాలను ఊడ్చిపారేసేది. ఎరుపు కండలో లోతుగా దిగుతుంది కాబట్టి అందరి ఆశా దానిమీదే.

అయితే వెలుతురు తగలకుండా రేకు చుట్టి దాచిన పళ్ళెంలోనూ కొత్తమందు సగం కణాలను చంపింది. మూడుసార్లు చేసినా అంతే.

"రేకు సరిగ్గా చుట్టారా అమ్మా?" అన్నారు పెద్దసారు.

"రెండు వరసలు చుట్టాను సార్. అందులోకి దూరాలంటే వెలుతురు నా అనుమతి తీసుకోవాలి."

"అయితే మందే విషం. శుక్రవారం జాబితాలోంచి కొట్టేద్దాం."

నాలుగేళ్ళ శ్రమ. పిన్నికి ఆ సాయంత్రం వంట మీద మనసు నిలవలేదు. ఒకప్పుడు స్టూడియోలో ఫోటోలు కడిగిన భర్త ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాడు.

"ఎక్కడో వెలుతురు తగిలే ఉంటుంది, ఒప్పుకోవే."

"కణాలు మందు తాగాక కడిగి, రేకు చుట్టేదాకా అరగంట. అదంతా చీకట్లోనే కదండీ."

"చీకట్లో ఎలా కడుగుతావ్? నీ కళ్ళకేమైనా టార్చిలున్నాయా?"

"మీ స్టూడియో ఎర్రబల్బు పెట్టుకున్నాగా! దానికింద ఏదీ చెడదని మీరేగా అన్నారు?"

"నేనన్నది ఫోటో కాగితం గురించే తల్లీ. దానికి ఎరుపు ఆనదు."

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. కొత్తమందుకు తిండే ఎరుపు! పాతది ఆ మసక వెలుగును లెక్కచేయలేదు. కొత్తది మాత్రం రేకు చుట్టేలోపే సుష్టుగా భోంచేసి కూర్చుంది.

పదకొండేళ్ళలో ఆమె పేరిట ఒక్క తప్పు లేదు. నోరు మూసుకుంటే ఇకముందూ ఉండదు, మందే పోతుంది. మర్నాడే, ఆ మందుకు ఆనని ఆకుపచ్చ బల్బు పెట్టి మళ్ళీ చేసింది. శుక్రవారం పొద్దున దాచిన పళ్ళెంలో కణాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ పళ్ళేన్ని అందరి ముందూ పెట్టి, "ఎర్రబల్బు బిగించింది నేనే సార్" అంది. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మందు కొట్టివేత ఆగింది.

మధ్యాహ్నానికల్లా కథ అంతస్తులన్నీ ఎక్కేసింది. పిన్ని యముడితో వాదించి మందును వెనక్కి తెచ్చిందట, ఆయన బల్బు కూడా మార్చుకున్నాడట. గాజుగొట్టాలు కడుగుతున్న పిన్ని తల కూడా ఎత్తలేదు.

"బల్బు నేనే పెట్టాను, నేనే తీశాను. కొత్తమందు పాత లెక్కలన్నీ తప్పే. మొదట్నించీ మళ్ళీ చెయ్యాలి."