మీటరుకు తువ్వాలు

మైపాడు తీరంలో జరిగిన మహాయుద్ధం గురించి చెబుతాను. నిజానికి యుద్ధమేమీ లేదు. వైర్‌లెస్ పరీక్షకొచ్చిన మా సారు, సిగ్నలు బలం కొలిచే మీటరుకు, అదే స్పెక్ట్రమ్ ఎనలైజరుకు, గాలి తగలకుండా తువ్వాలు కప్పి కూర్చున్నారు, అంతే. పడవలతో మాట్లాడేందుకు ఒడ్డునున్న వైర్‌లెస్ సిగ్నలు బలాన్ని మీటరు తక్కువ చూపిస్తోంది. అది తేలేదాకా పడవలు కదలవు.

"పొయ్యేదా, వద్దా సార్?" అన్నాడు పడవ యజమాని.

"ఉండన్నా, మీటరింకా వేడెక్కలా."

ఎప్పుడూ అదే మాట. ఎండలో మేం మాత్రం ఎప్పుడో వేడెక్కాం.

తర్వాత సారు, వైర్‌లెస్‌ను మీటరుకు కలిపిన అదే కేబులుతో, బలం ముందే తెలిసిన సిగ్నలిచ్చి చూశారు. అదీ తక్కువే. తప్పు మీటరుదా, సముద్రానిదా? నాకేమీ అర్థం కాలేదు. సారు మళ్లీ తువ్వాలు కప్పారు. అది పద్ధతో, ప్రార్థనో నాకిప్పటికీ తెలియదు.

చివరికి ఆ తువ్వాలుతోనే కేబులు కొన తుడిచి బిగించారు. రీడింగు సరిపోయింది, పడవలు కదిలాయి.

సముద్రపుగాలికి కేబులు కొనలకు ఉప్పు పడుతుంది.