మెల్లగా పాడేవాళ్ల కోసం

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లివస్తాను. కిటికీ పక్క సీటు దొరికిందంటే ఇక నన్ను కదిలించకూడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాక మూసీ వంతెన ఎప్పుడు దాటామో, కండక్టర్ ఏమని అరిచాడో నాకు తెలియదు. నేను వినేవి సినిమా పాటలు కావు. ఎవరి పాట వాళ్లే రాసుకుని, వాళ్లే బాణీ కట్టుకుని, ఇంట్లోనే రికార్డు చేసి ఫోన్లలోకి వదిలే కుర్రకారు పాటలు. ఇండీ అంటారు. ఈ మధ్య ఒకమ్మాయి పాటలు నన్ను పట్టుకున్నాయి. ఒకదాంట్లో వెనకాల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా వినబడుతుంది. పొలాల మీద మంచు పరుచుకున్న పొద్దున ఆ పాట వింటుంటే బస్సు నేల మీద నడుస్తున్నట్టే ఉండదు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలాకే మళ్లీ ఈ లోకంలో పడతాను.

మా ఆయన లారీ డ్రైవరు. మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడు తోలతాడు. క్యాబిన్‌లో పాట పెడితే పక్క ఊరికి వినబడాలి ఆయనకు. ఒకసారి నా ఫోన్లో పాట విని, "ఏందే, అన్నం తినలేదా ఈళ్లు? ఒక్కడన్న నోరు తెరిసి పాడడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫోను లాక్కున్నాను. ఇంకే విషయంలోనైనా నన్ను ఏడిపించొచ్చు గానీ, పాటల జోలికి వస్తే ఊరుకోను.

మొన్న వానాకాలం, నాట్లప్పుడు, హుజూర్‌నగర్ దాటాక మా ఆయన లారీకి ఒక ఆటో అడ్డం వచ్చింది. నిండా నాట్లకు వెళ్లే ఆడవాళ్లు. ఈయన బ్రేకు మీద నిలబడ్డాడు. జానెడు దూరంలో ఆగింది బండి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆడవాళ్లు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి పనికి వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం అక్కడే ఉండిపోయాడు. కళ్లు మూస్తే ఆ ఆటోనే. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు, తెల్లారి వెళ్లి స్టీరింగ్ పట్టేవాడు. దవాఖానలో మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే మర్నాడు కూడా మత్తు వదలదు, బండి తోలేవాడికి అవేం పనికొస్తాయి? కొన్నాళ్లు మానుకోమంటే, "మానుకొని ఇంట్ల కూసుంటే నిద్ర పడతదా?" అన్నాడు.

కంటి మీద కునుకు లేని మనిషి చేతిలో అంత లోడు. ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆ రోజుల్లో బస్సులో నేను పాటలు వినలేదు, విన్నట్టు కూర్చున్నాను అంతే.

అయినా ఈ పాటలు పాడేవాళ్ల కచేరీలకు వెళ్లాను. వెళ్లకపోతే నాకే పిచ్చెక్కేట్టుంది. సెలవు రోజు ఆయన్ని ఒక్కణ్ణీ వదలబుద్ధి కాక వెంటబెట్టుకుని పోయేదాన్ని. మిర్యాలగూడలో మూతబడిన ఓ రైసుమిల్లులో, వడ్లు ఆరబోసే గచ్చు మీద ముగ్గురు కుర్రాళ్లు పాడారు. ఒకడు చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయించాడు. మూలల్లోని ఊక గాలికి లేచి లైటు వెలుతురులో తేలుతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆయన మాత్రం గేటు బయట తన తోటి డ్రైవర్లతో చాయ తాగుతూ కూర్చున్నాడు. సూర్యాపేటలో జరిగినప్పుడు లోపలికైతే వచ్చాడు. అక్కడెవరో సినిమా పాట కావాలని కేకేశారు. నేను వెనక్కి తిరిగి కొరకొరా చూశాను. "జర ఊకో. పాడేటాయనే నవ్వుతున్నడు, నీకేంది?" అన్నాడు మా ఆయన.

కోదాడలో హైవే పక్కన ఒక కాఫీ షాపు ఉంది. దాని మేడ మీదికి, ఆదివారం సాయంత్రం, నేను బస్సులో వినే ఆ అమ్మాయే వచ్చింది. బెజవాడ వైపు మనిషి. ఇనుప మెట్లెక్కి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. ఓ పాతిక మంది ఉంటారేమో, ఎక్కువ మంది కాలేజీ పిల్లలే. ఎండ చల్లబడుతోంది. కింద రోడ్డు మీద లారీలు పోతున్న మోత దూరమై, దగ్గరై, మళ్లీ దూరమవుతోంది. ఆ మోతకు పైన గొంతు పెంచకుండా, దాని కిందే ఎక్కడో ఆ అమ్మాయి పాడింది.

మూడో పాట మధ్యలో నా భుజం మీద బరువు పడింది. మా ఆయన తల. ముందు సిగ్గేసింది. పాడే మనిషికి ఎదురుగా కూర్చుని నిద్రపోతాడా ఎవరైనా! మోచేత్తో పొడవబోయి ఆగిపోయాను. ఆయన ముఖంలో ముడతలన్నీ విడిపోయి ఉన్నాయి. అలా చూసి ఎన్నాళ్లయిందో.

ఆ అమ్మాయి పాట ఆపి మా వైపు చూసింది.

"ఏమనుకోకమ్మా" అన్నాను గుసగుసగా. "లారీ తోలతడు. నాట్ల కాడి నుంచి నిద్ర లేదు."

"అయ్యో, పడుకోనివ్వండి. నేనేమీ అనుకోనండి" అని మైకు పక్కకు జరిపేసింది. తర్వాతి పాట మైకు లేకుండానే పాడింది. అది అయిపోగానే వెనకాల ఒక కుర్రాడు చప్పట్లకు చేతులెత్తాడు. పక్కనున్న అమ్మాయి ఆ చేతులు పట్టుకుని కిందికి లాగింది. ఇక ఎవరూ చప్పుడు చేయలేదు.

కాసేపటికి ఆమె గిటారు ఒళ్లో పడుకోబెట్టి, "నా పాటలు అయిపోయాయండీ" అంది.

"సినిమా పాటైనా సరే, ఆపకు తల్లీ" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, మాటల్లేకుండా ఊరికే రాగం తీయడం మొదలుపెట్టింది. పొద్దు కుంకుతుంటే జనం ఒక్కొక్కరే లేచారు. ఇనుప మెట్లు మోగుతాయని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒకరి వెనక ఒకరు దిగిపోయారు. నా భుజం తిమ్మిరెక్కింది. ఆయన సన్నగా గురక మొదలుపెట్టాడు. నేను కదలకుండా, ముక్కు కూడా తుడుచుకోకుండా ఏడుస్తూ కూర్చున్నాను.