ఓడినాయన మెడలో మా గజమాల

ఒక్క పూటలో ఒక ఊరంతటి చేత తిట్లు తిని, ఒక నాయకుడి ఇంటి ముందు నుంచి ట్రాక్టరెక్కి పారిపోయి, కట్టుకున్న భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి దూరిపోయేలా చేసుకోవడం అందరికీ చేతకాదు. నాకు చేతనైంది. అదెలాగో చెబుతాను. నవ్వుకోండి, కాకపోతే మా మామకు వినబడకుండా.

అప్పట్లో నేను మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో లెక్కలు రాసేవాణ్ణి. ఎన్నికలొచ్చాయంటే నాకు ఒళ్లు ఒకచోట నిలవదు. కూర్చుంటే కాళ్లు ఆడతాయి, నిలబడితే చెయ్యి రిమోట్ కోసం వెతుకుతుంది. ఒక చానల్లో సర్వే చూస్తుంటే పక్క చానల్లో ఏం చెబుతున్నారోనని ప్రాణం కొట్టుకుంటుంది. కలిపిన ముద్ద నోటిదాకా తెచ్చి, తినడం మరిచిపోయి, మళ్లీ కంచంలో పెట్టేసేవాణ్ణి.

ఆసారి సర్వేలన్నీ ఒకటే మాట. పెద్ద పార్టీలు రెండింటిలో దేనికీ మెజారిటీ రాదు, కొత్తగా పుట్టిన మూడో పార్టీ ఎటు మొగ్గితే అటు ప్రభుత్వం. నేను విరిగిన పలక ముక్క మీద ఆ అంకెలన్నీ కూడి, భాగించి, చెరిపి, మళ్లీ కూడి ఒక సంకీర్ణ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశాను. ముఖ్యమంత్రిని పెట్టాను. శాఖలు పంచాను. మా దగ్గర మూడో పార్టీ తరఫున నిలబడ్డాయనకు నీటిపారుదల ఇచ్చాను. మా పడమటి వైపు నీళ్ల కరువు తెలిసినవాడెవడైనా ఆ శాఖే ఇస్తాడు.

అంతవరకు ఎవరికీ నష్టం లేదు. పోలింగు అయ్యి లెక్కింపు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మా మామ కాశయ్య మా ఇంటికి వచ్చాడు. ఆయనది కొనకనమిట్ల దగ్గర పల్లె. మెట్ట పొలం, గొర్రెల మంద ఉన్న మనిషి, ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. ఆ ఊరికి మంచినీళ్ల ట్యాంకు కట్టి పైపులు వేయకుండా వదిలేశారు. వాటికోసం ఆయన తిరగని ఆఫీసు లేదు.

"అల్లుడా, ఎవరొస్తే మా పైపులు పడతాయి?" అన్నాడు.

"ఒక్కరే రారు మామా. ఇద్దరు కలిసి వస్తారు."

"కలిసేదేంది? ఎదురుపడితే మొకాలు చూసుకోరు గదా వాళ్లు."

పలక ముక్క తీసి ఆయన ముందు పెట్టాను. "మూడో పార్టీ లేకుండా ఎవరికీ కుర్చీ లేదు. మన దగ్గర నిలబడినాయన మంత్రి. రాసిపెట్టుకో."

"ముందు ఆయన గెలవాల గదా?"

నేను ఆయన వైపు జాలిగా చూశాను. "సర్వేలో వచ్చింది మామా."

"టీవీలో చెప్పినారా?"

"అన్ని టీవీల్లో చెప్పినారు."

మామ మీసం దువ్వుకున్నాడు. "అట్లయితే అందరికంటే ముందు మనమే దండ వేయాల. గెలిచినాక పోతే ఆ గుంపులో మన మొకం ఎవరికి కనపడుతుంది?"

ఆ ఆలోచన నాదేనని తర్వాత ఊరంతా అన్నారు. కాదు. నేను బాగుందని మాత్రమే అన్నాను. మామూలు దండ ఆనదు, గజమాల చేయిద్దామన్నాను. డప్పులు ఉండాలన్నది కూడా, నిజం చెప్పాలంటే, నేనే.

ముందురోజే నేనూ నా భార్యా మామ ఊరికి చేరుకున్నాం. లెక్కింపు రోజు పొద్దున్నే అక్కడి నుంచి ట్రాక్టరు బయలుదేరింది. ట్రాలీలో కొత్త పంచె కట్టిన మామ, ఊరి పెద్దమనుషులు, డప్పులవాళ్లు, అందరి ఒళ్లలో అడ్డంగా పడుకున్న బంతిపూల గజమాల. దారంతా ఫోన్లో చక్రం తిరుగుతోందే తప్ప ఒక్క ఫలితం రాలేదు. సిగ్నల్ కోసం నేను ట్రాలీ ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాను.

"కూచో నాయనా, పూలు తొక్కుతున్నావు" అన్నాడు మామ.

మార్కాపురంలో అభ్యర్థి ఉండే వీధికి చేరాం. వీధిలో నరపురుగు లేదు. మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

"చూసినావా మామా, మనమే ముందు" అన్నాను గర్వంగా.

డప్పులు మొదలయ్యాయి. గేటు తెరుచుకుని అభ్యర్థి లుంగీ, బనియనుతో బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన నోరు తెరిచేలోపే మావాళ్లు గజమాల ఎత్తి మెడలో వేసేశారు. ఆ బరువుకు మనిషి సగానికి కుంగిపోయి, గడ్డివాములో ఇరుక్కున్న దూడలాగా తల మాత్రం బయటపెట్టి చూశాడు.

"ఎవరు పంపినారు మిమ్మల్ని?"

మామ చేతులు జోడించాడు. "ఎవరూ పంపలేదు సార్. మా అంతట మేమే వచ్చినాము. మీ గెలుపు మాకు ముందే తెలుసు."

"గెలుపేందయ్యా, నాకు డిపాజిట్ కూడా వచ్చేట్టు లేదు."

డప్పుల మోతలో మామకు సగమే వినబడింది. నా వైపు వంగి, "ఏ శాఖ అంటున్నాడు?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. రెండు పెద్ద పార్టీల్లో ఒకటి రాష్ట్రమంతా ఊడ్చేస్తోంది. నా సంకీర్ణ ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేయకుండానే కూలిపోయింది. డప్పు ఆపమని చేతులూపాను. డప్పు కొట్టే పెద్దాయన దాన్ని హుషారు అనుకుని వేగం పెంచాడు.

"ఎగతాళి చేయడానికి ఆ గెలిచేవాళ్లే పంపినారన్నా" అంటూ అభ్యర్థి మనుషులు గేటు దాటారు. మా డ్రైవరు తెలివైనవాడు, అప్పటికే బండి తిప్పేశాడు. వెంటపడి ఎక్కాం. గజమాల ఆయన మెడలోనే ఉండిపోయింది.

ఊరు చేరేదాకా నన్ను తిట్టనివాడు లేడు. మామ ఇల్లు చేరాక నేను సర్వే చేసినవాళ్ల మీద విరుచుకుపడ్డాను. "అసలు ఏ ఊళ్లో అడిగినారో, ఎవరిని అడిగినారో."

మామ తువ్వాలు దులుపుకుంటూ, "మా ఊళ్లోనే అడిగినారు" అన్నాడు.

"మీ ఊళ్లోనా?"

"ఓట్లకు ముందు ఒకామె వచ్చింది. ఓటు ఎవరికని అడిగింది. మూడో పార్టీకని చెప్పినా. ఆ రెండిట్లో దేని పేరు చెప్పినా రెండోవాళ్లతో గొడవ. మూడోది చెప్తే ఎవరికీ కోపం రాదు. ఊరందరినీ అట్లనే చెప్పమన్నా, చెప్పినారు."

"మరి ఓటు ఎవరికి వేసినారు?"

"ఇప్పుడు గెలిచినాయనకే."

"అది అబద్ధమని తెలిసి కూడా సర్వే ఎట్ల నమ్మినావు మామా?"

"మా ఊరోళ్లం అబద్ధం చెప్పినాం. మిగతా ఊళ్లోళ్లన్నా నిజం చెప్పింటారనుకుంటిని."

నా భార్య వంటింట్లోకి దూరింది అప్పుడే.

పైపులు వచ్చాయి లెండి. మామ మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగి, నన్ను ఇంకోసారి ఊళ్లో రాజకీయం మాట్లాడనివ్వనని గెలిచినవాళ్లకు మాటిచ్చి తెచ్చుకున్నాడు.

నేను కూడా ప్రమాణం చేశాను. తెలుగు చానళ్లన్నిటి సాక్షిగా, ఇకమీదట వార్డు మెంబరు ఎన్నికైనా సరే, ఓట్ల లెక్క పూర్తయి, గెలిచినాయన కుర్చీలో కూర్చుని, ఊరేగింపు కాగితాలు వీధిలో ఊడ్చేశాక తప్ప ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పను.