ఆకుపచ్చ ముఖం నొక్కినవాళ్ళం

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఎమ్మెస్సీ చదివిన ఏడాది, వారానికి రెండు షిఫ్టులు ఒక అమెరికన్ కంపెనీ వేర్‌హౌస్‌లో పనిచేశాను. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర కార్డు తాకిస్తే, పక్కనున్న తెర మీద ఒక ప్రశ్న వెలిగేది: ఈరోజు మీరు క్షేమంగా పనిచేశారా? కింద నవ్వే ఆకుపచ్చ ముఖం, మూతి బిగించిన పసుపు ముఖం, ఏడుపు మొహం పెట్టిన ఎర్రది. జవాబు ఎవరిదో ఎవరికీ తెలియదని గోడ మీద రాసి ఉండేది.

మా ఇంట్లో ఆరుగురం తెలుగు విద్యార్థులం ఉండేవాళ్ళం, అందరం ఆ వేర్‌హౌస్‌లోనే పనిచేసేవాళ్ళం. ఎవరమూ ఆకుపచ్చ తప్ప నొక్కలేదు. అది మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ల మీద ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చేవారు. పేరు రాయొద్దనేవారు గానీ, రోల్ నంబర్ల వరసలో పంచి అదే వరసలో వెనక్కి తీసుకునేవారు. ఇంటర్నల్ మార్కులు ఆ సార్ల చేతుల్లోనే ఉండేవి. నాలుగేళ్ళూ అందరం అన్నిటికీ "ఎక్సలెంట్" దగ్గర టిక్కు పెట్టి బయటపడ్డాం.

నాతో పికింగ్ చేసే అక్కది కర్నూలు వైపు. భర్త చదువుకోసం వస్తే తనూ వచ్చి, మనుషుల్ని పనికి పంపే ఏజెన్సీ ద్వారా చేరింది. స్కానర్ చూపించిన వస్తువును అరల్లోంచి తీసి బండిలో వేయడమే పికింగ్. తీసేదాకా స్కానర్ మీద సెకన్లు తరుగుతూ ఉంటాయి.

"ఏం పాపా, ఆ బొమ్మను అంత మెల్లగా నొక్కుతావు? దానికేమన్నా నొప్పి పుడతాదా?" అని నన్ను ఏడిపించేది.

"ఎర్రది నొక్కితే ఏమవుతుందక్కా?"

"నొక్కి సూడు. రేపట్నుంచి నీ బండి గూడా నేనే తోసుకుంటా."

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, పై అరలోంచి కుక్కల తిండి బస్తా దించుతుంటే ఆమె కుడి భుజం పట్టు తప్పింది. అరుపు విని సూపర్‌వైజర్ వచ్చాడు. ముందు కింద పడిన స్కానర్ తీసి, పని ఎంతసేపు ఆగిందో చూసుకున్నాడు. ఆ తర్వాత ఆమెను చూశాడు. ఇంటికెళ్ళి ఐస్ పెట్టుకోమన్నాడు. ఏ దెబ్బ తగిలినా రాయాల్సిన ప్రమాదాల పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు.

బరువులు ఎత్తొద్దని జీపీ, అంటే మా పేట డాక్టరు, చీటీ రాశారు. కూర్చుని చేసే ప్యాకింగ్ పని ఇమ్మని అక్క ఏజెన్సీని అడిగింది. పుస్తకంలో ప్రమాదమే లేదుగా, ఇవ్వాల్సిన పని లేదన్నారు. మరుసటి వారం రోటాలో, అంటే షిఫ్టుల పట్టికలో, ఆమె పేరు లేదు.

అప్పట్లో అమెరికా వ్యాపార పత్రిక ఒకటి ఆ కంపెనీ మీద వరసగా కథనాలు వేస్తోంది. అక్కడ షేరు ధర ఒక మెట్టు ఎక్కడానికి ఏ ఊళ్ళో ఎవరి నడుములు విరుగుతున్నాయో వాటిని రాసే విలేఖరి ఒకామె ఒక్కొక్కటిగా తవ్వి తీసేది. లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని అన్నీ చదివేదాన్ని. అక్కకి చెప్పాను. విలేఖరి నంబరు నొక్కి, ఫోను ఆమె చేతికిచ్చేశాను. నాకు మాట్లాడే ధైర్యం లేదు.

కథనం వచ్చింది. అక్క గురించి నాలుగు వాక్యాలు. వాటి కిందే కంపెనీ జవాబు: తాము క్షేమంగా ఉన్నామని అక్కడ పనిచేసేవాళ్ళే రోజూ మాకు చెబుతున్నారు, దాదాపు అందరి మాటా ఇదే.

ఏజెన్సీవాళ్ళు ఆ ముక్క అక్కకి ఫోన్లో చదివి వినిపించారట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పింది.

"మనోళ్ళంతా బాగుందన్నారంట గదా పాపా. నేనొక్కదాన్నే అబద్ధాలదాన్నైనా."

గదిలోకి వెళ్ళి డైరీ తీశాను. అక్కకి దెబ్బ తగిలిన రోజు పేజీలో నా దస్తూరీలోనే ఉంది: "అక్క భుజం పోయింది. ఎవరూ రాసుకోలేదు. వస్తూ ఆకుపచ్చ నొక్కి వచ్చాను." నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ వెంటనే అంతకు పదింతల కోపం వచ్చింది. భయపెట్టి నొక్కించుకున్న వేలిని తెచ్చి, దెబ్బ తిన్న మనిషి నోటికి అడ్డం పెట్టారు. అమెరికాలో ఏ అద్దాల గదిలోనో కూర్చున్న పెద్దమనిషికి నేను ఒక చిన్న ఆకుపచ్చ చుక్కని. ఆ చుక్కనే పట్టుకుని అక్కను కొట్టాడు.

ఆ పేజీ ఇంగ్లీషులోకి మార్చి విలేఖరికి పంపాను. ఆమె ఫోన్ చేసి ఒకే సంగతి రెండుసార్లు అడిగింది, కార్డు తాకించాకే ప్రశ్న వస్తుందా అని. అవునన్నాను. అంటే ఏ ముఖం ఎవరు నొక్కారో ఆ కార్డే వాళ్ళకి చెబుతుందన్నమాట. ఇది రాస్తే చెప్పింది మీరేనని వాళ్ళు కనిపెట్టవచ్చు అంది. అయినా రాయమన్నాను.

రెండో కథనం వచ్చిన వారమే రోటాలోంచి నా పేరు పోయింది. అడిగితే పని తగ్గిందన్నారు. అక్కకి మాత్రం ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది: మీ పరిస్థితులు మెరుగుపడినందుకు సంతోషం, సోమవారం నుంచి ప్యాకింగ్‌కి రండి. భుజం ఊసే లేదు. అది చూపించడానికి అక్క మా వంటింట్లోకి వచ్చింది.

"దెబ్బ వాళ్ళ దగ్గరే తగిలిందని రాసిస్తేనే వస్తానని చెప్పక్కా" అన్నాను.

"పిల్సినారు, పోతా. నువ్వు రాసింది సాల్లే తల్లీ."

"అలా ఎలా పోతావు? మెరుగుపడిందంట! ఎవరికి మెరుగుపడింది?" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరి మీదా అలా అరవలేదు.

"ఎవరి మీద అరుస్తాండావు పాపా? నా మీదనా?"

నేను అరవాల్సినవాళ్ళెవరూ ఆ వంటింట్లో లేరు. వాళ్ళ పేర్లు పత్రికలో ఉన్నాయి, మనుషులు మాత్రం ఎప్పటికీ నా చేతికి చిక్కరు.

సోమవారం పొద్దున అక్క ఎడం చేత్తోనే కోటు గుండీలు పెట్టుకుని బస్సెక్కింది.