రెండూ సున్నాయే

నా పనేమిటో చెబితే ఎవరికీ అర్థం కాదు, అర్థమైనవాళ్లకు గౌరవం ఉండదు. ఒక తరంగం పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది. అది సున్నాను దాటిన ప్రతిసారీ ‘ఇదిగో, ఇప్పుడే’ అని చెప్పే సర్క్యూట్ తయారుచేయడం నా ఉద్యోగం. ఆ ‘ఇప్పుడు’ కాస్త ముందుకో వెనక్కో ఊగితే దాన్ని జిట్టర్ అంటారు. కాలాన్ని కచ్చితంగా కొలిచే యంత్రాల్లో ఆ ఊపు కంటికి కనపడనంత ఉన్నా బోర్డు చెత్తబుట్టకే.

ఈ పని నేను చేసేది తోటపల్లి గూడూరు దగ్గర, రొయ్యల గుంటల మధ్య, మా అత్త ఇంటి వెనక గదిలో. అత్తంటే నా మేనత్తే. మామ పోయాక గుంటలన్నీ ఆమే చూసుకుంటోంది. మా ఆయన పోర్టులో షిఫ్టులు చేస్తాడు. నా కంపెనీ చెన్నైలో ఉంది. అప్పటికే నేను పంపిన కొలతలు చూసి రెండు బోర్డులు తిరగ్గొట్టారు. “మూడోది కూడా ఊగితే ఇంటి నుంచి పని చాలించి ఇక్కడికి వచ్చేయండమ్మా” అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. కాపురం ఇక్కడ పెట్టుకుని మళ్లీ హాస్టలు గదికి పోవడమంటే నావల్ల కాదు.

మొదటి బోర్డు తప్పు నాదే, ఒప్పుకుంటాను. మెల్లగా వాలే తరంగాన్ని ఒక్క దెబ్బకు నిటారుగా చేయబోయాను. వాలు తక్కువగా ఉన్నచోట కరెంటులో చిన్న రొద తగిలినా సున్నా దాటే క్షణం జరిగిపోతుంది. అందుకే మూడో బోర్డులో మూడు అంచెలు పెట్టాను. ఒక్కో అంచెలో కొంచెం పెంచడం, పైనా కిందా కత్తిరించడం, రొదను వడకట్టడం. కాగితం మీద లెక్క ముత్యంలా ఉంది. తరంగాన్ని గీసి చూపే ఆసిల్లోస్కోపు తెర మీద మాత్రం సున్నా దాటే అంచు వణుకుతూనే ఉంది. కెపాసిటర్లు మార్చాను, కంపారేటర్ మార్చాను, బయటి రొద సోకకుండా బోర్డును బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత వేశాను. అయినా అదే వణుకు, పొద్దున పూట మరీ ఎక్కువ. కరెంటు మీద అనుమానం ఉందంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మేనేజరు నవ్వాడు.

అలాంటి పొద్దున అత్త చెక్ ట్రే లాగి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకుని, తడికాళ్లతో గుమ్మంలో నిలబడింది.

“కట్ట మీద నిలబడితే చాలమ్మా, కాళ్లు జివ్వుమంటా ఉండాయి.”

“షుగరు చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పినాను అత్తా?”

“షుగరు గాదమ్మా, ఇంట్లోకి వస్తే ఏం లేదు…”

“ఆ నరాల మాత్ర వేసుకో పో. నన్ను పని చేసుకోనీ.”

ఆమె వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఆసిల్లోస్కోపు నడుస్తూనే ఉంది. తెర మీద అంచు రాయిలా నిలబడిపోయింది! నేను కుర్చీలోంచి లేచాను. ఇంతలో కరెంటు వచ్చింది, గుంటలో రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ రెక్కలు నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి, అంచు మళ్లీ వణికింది.

నా ప్లగ్గు నుంచి ఎర్త్ తీగ పట్టుకుని గోడ బయటికి పోయాను. అది కట్ట పక్కన పాతిన ఇనపకడ్డీ దగ్గరికి చేరింది. ఆ కడ్డీకే ఇంకో లావుపాటి తీగ మెలేసి ఉంది. అది తిన్నగా ఏరేటర్ స్టార్టర్ పెట్టెలోకి పోతోంది. మోటారు వాడుకున్న కరెంటంతా తిరిగి వచ్చేది ఈ కడ్డీకే, ఇక్కడి నుంచి చుట్టూ ఉన్న మట్టిలోకే. నేను సున్నా అనుకుని కొలుస్తున్నదే ఊగుతోంది.

“ఏ బుద్ధిలేనివాడు కట్టినాడు దీన్ని?” అని అరిచాను.

అత్త వచ్చింది. “మెకానిక్కు కట్టినాడు. కట్టమనింది నువ్వే గదమ్మా.”

“నేనా?”

“పెళ్లి గాకముందు, నువ్వు చెన్నైలో ఉన్నెప్పుడు. గాలివానకు న్యూట్రల్ తీగ తెగి, ఏరేటర్ ఆగి, రొయ్యలు పైకి తేలతా ఉంటే నీకు ఫోను చేసినా. ఎర్తుకు కట్టించేయ్ అత్తా, రెండూ సున్నాయే అన్నావు. చదువుకున్నదానివి గదా అని అట్నే కట్టించినా. మళ్లీ ఒక్క దినం ఆగలా.”

ఆ మాట ఆమె గర్వంగా చెప్పింది. చెబుతూ కడ్డీ పక్కనే, తడిమట్టిలో, చెప్పులు లేకుండా నిలబడి ఉంది.

“అత్తా, ఇవతలికి రా!” అని చెయ్యి పట్టి లాగి, పరుగెత్తి మెయిన్ ఆపేశాను. ఎండ ఎక్కితే నీటి నాచే ప్రాణవాయువు ఇస్తుంది కాబట్టి ఏరేటర్ ఆగినా గుంటకు ముప్పు లేదు. సాయంత్రానికి కొత్త న్యూట్రల్ తీగ లాగించాను. ఎందుకింత హడావుడి అంటే నా బోర్డు కోసమని చెప్పాను. అసలు సంగతి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు, సిగ్గేసింది.

బోర్డు నెగ్గింది. చెన్నై రానక్కర్లేదని మేనేజరు ఫోను చేసిన పొద్దునే, అత్త చెక్ ట్రే లాగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నువ్వు చెప్పిన మాత్ర బలే పనిచేసిందమ్మా. కాళ్లు జివ్వుమనడం లేదు” అంది.